పరిశోధన క్షేత్రమును చూడబోవు రైతు ఏమి చూడవలెను?

(పట్టాదారులగు రైతుల సమావేశమునందలి ఉపన్యాసము)



పంట చేతికి వచ్చు కాలమున పరిశోధన క్షేత్రములవారు గ్రామములనుండి రైతులను రప్పించి, తమ మడులను త్రిప్పి చూపుట వాడుకయై యున్నది. రైతులు బండ్లెక్కి పోవుదురు. క్షేత్రోద్యోగి ముందు నడచుచు మడి మడి కడ నిలిచి, పలకమీద వ్రాసిన సంగతులను చదివి వినిపించును. మధ్యాహ్నము భోజనమగును. చీకటి పడునప్పటికి ఎవరి యిండ్లకు వారు చేరుదురు. మఱునాడు చావడి కడ "ఏమి చూచి వచ్చితిరి?" అని యడిగినచో, "జొన్న కంకులు జానెడేసి యున్నవి" అని యొకరును, "భోజనము బాగుగనే పెట్టిరి" అని వేఱొకరును చెప్పుదురు.

కంకి జానెడున్న సంగతి తెలిసికొనుటకు దినమంతయు పని మాని పోనక్కఱలేదు. నీరును, ఎరువును, కూలీలును, కావలసినంత ధనమును గల చోట కంకి జానెడుండుట వింతగాదు. అట్టి మడిని చూచి రైతు రెండు విధములుగా మోసపోవును. "ఇది దొరల సేద్యము, మనకు కాదు" అని పూర్తిగా విడిచిపెట్టుట యొకటి. చూచినదంతయు మంచిదని నమ్మి, అప్పుచేసి, తన మన్నుకు సరిపడని దానిని తెచ్చి పెట్టుకొనుట రెండవది. మొదటి దానివలన రాదగిన లాభము పోవును. రెండవ దానివలన ఉన్న భూమియే తాకట్టున పడును.

ఇట్టి సందర్శనమునకు పోయినవాడు మొట్టమొదట చూడవలసినది క్షేత్రములోని మంచి మడిని గాదు, పాత పద్ధతి మీదనే విడిచిపెట్టిన చెడ్డ మడిని. ఈ మాట వినుటకు విపరీతముగా తోచును. కావున మనకు సమీపముననే యున్న యొక క్షేత్రమును తీసికొని వివరించుట యుక్తము.

హైదరాబాదు నగరమునకు వాయవ్యముగా, బొంబాయి బాట మీద పటాన్‌చెరు కలదు. అచ్చట 1972వ సంవత్సరమున మెట్ట పంటలకై యొక అంతర్జాతీయ పరిశోధన సంస్థ స్థాపింపబడినది. జనులు దానిని ఇక్రిశాట్ అని పిలుతురు. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మొదలగు పంటల మీద అచ్చట పని జరుగుచుండును. నల్లరేగడి భూమియు, ఎఱ్ఱచల్క భూమియు ఒక్క కంచెలోపలనే దొరకుట ఆ స్థలమునకు గల గొప్ప సౌకర్యము. మన తెలంగాణ రైతు ఏ మన్ను గలవాడైనను, అచ్చట తన మన్నును పోలిన మన్నును చూడగలడు.

ఆ నల్లరేగడిలో 1976వ సంవత్సరమునుండి ఎడతెగక నడచుచు వచ్చిన యొక పరీక్ష కలదు. ఒక ప్రక్క భూమిని తాతముత్తాతల పద్ధతినే సేద్యము చేసిరి. పునాస కాలమున విత్తనము వేయరు. వానలు కురియుచుండగా భూమి ఖాళీగా నుండును, నడుమ నడుమ గుంటక తోలుదురు. వానలు వెనుకబట్టిన పిమ్మట, మన్నులో నిలిచియున్న పదనుమీద మాగి జొన్న గాని శనగ గాని విత్తుదురు. ఏడాది విడిచి యేడాది ఎకరమునకు సుమారు 4 టన్నుల పశువుల పెంట వేయుదురు. వేఱు ఎరువు లేదు.

దానికి చేరువనే యున్న భూమిని మఱియొక విధముగా నడపిరి. నేలను పల్లము మెరకలు లేకుండ సవరించి, వెడల్పు బోదెలును వాని నడుమ కాలువలును తీర్చిరి. ఒక బోదెయు ఒక కాలువయు కలిసి 5 అడుగుల వెడల్పు. అందులో మూడడుగులకు పైగా బోదె, తక్కినది కాలువ. కాలువకు నూఱడుగులకు అర్ధ అడుగు చొప్పున వాలు. అధికమైన నీరు ఆ కాలువలలో మెల్లగా నడచి, గడ్డి పెంచిన పెద్ద కాలువలో పడి, అచ్చటనుండి కుంటకు చేరును. మాగి పంట కోసిన వెంటనే, మన్ను గట్టిపడక మునుపే దున్ని, ఎండకాలమునకు బోదెలను సిద్ధము చేయుదురు. తొలకరికి ముందుగనే పొడి దుక్కిలో విత్తుదురు. బోదె నడుమ ఒక సాలు కంది, దానికి ఇరుప్రక్కల జొన్న. జొన్న కోసిన తరువాత కంది మిగిలిన పదనుమీద ఎదుగును. హెక్టారునకు 60 కిలోల నత్రజనియు 20 కిలోల భాస్వరమును, అనగా ఎకరమునకు 24 కిలోలును 8 కిలోలును, వేయుదురు. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. కావున నత్రజని యంతయు యూరియా రూపముననే వేసినచో ఎకరమునకు 52 కిలోల యూరియా కావలెను.

ఇక ఫలితము. మొదటి ముప్పది సంవత్సరముల సగటు చూచినచో, కొత్త పద్ధతి భూమిలో హెక్టారునకు ఏటికి 5.1 టన్నుల గింజ పండినది. పాత పద్ధతి భూమిలో 1.1 టన్ను. ఎకరముల లెక్కకు తెచ్చినచో 20 క్వింటాళ్లకు పైగా ఒక ప్రక్క, నాలుగున్నర క్వింటాళ్లు ఒక ప్రక్క. వాన ఒక్కటియే, మన్ను ఒక్కటియే.

గింజ సంగతి యిట్లుండగా, మన్ను సంగతి యింతకన్న ఆలోచింపదగినది. పాత పద్ధతి భూమినుండి ఏటేట హెక్టారునకు సుమారు ఆరున్నర టన్నుల మన్ను వాన నీటితో కొట్టుకొనిపోయినది. కొత్త పద్ధతి భూమినుండి ఒకటిన్నర టన్ను మాత్రమే పోయినది. బండికి అర్ధ టన్ను చొప్పున లెక్కించినచో, పాత పద్ధతిలో ఎకరమునకు ఏటికి అయిదు బండ్ల మన్ను వాగు పాలగుచున్నదన్నమాట. ఒక దొంగ ప్రతి సంవత్సరము వచ్చి ఎకరమునకు అయిదు బండ్ల పై మన్ను తోలుకొని పోవుచుండినచో పట్టాదారు ఊరకుండునా? గట్టు జానెడు జరిగినదని అమీను కడకును, కచేరి మెట్లకును తిరుగు రైతు, వాన చేయు ఈ దొంగతనమును చూడకుండుట విచిత్రము. పహాణీలో భూమి విస్తీర్ణము మాఱదు గనుక నష్టము కనబడదు. పోయినది పొడవు వెడల్పులలో గాదు, లోతులో.

ఈ సంగతి మంచి మడి కడ నిలుచున్నవానికి తెలియదు. జొన్నయు కందియు ఏపుగా నున్న బోదెమీద మన్ను నిలిచియుండుట కంటికి వింతగా తోచదు. అయిదు బండ్ల మన్ను ఎట్లు పోవునో పాత మడి దిగువ గట్టు కడ నిలిచి, చిన్న చిన్న చారలు గండ్లయిన తీరును చూచినపుడే బోధపడును. సందర్శకులను సాధారణముగా ఆ ప్రక్కకు ఎక్కువసేపు నిలువనీయరు. చూపువారి తప్పు గాదు, చూడవచ్చినవారికే అది రుచింపదు. అయినను రైతు అచ్చటనే నిలిచి, "దీనిని ఎన్నాళ్లనుండి ఇట్లే యుంచితిరి? దీని పంట యెంత? దీనిలో ఏమేమి వేయలేదు?" అని అడుగవలెను. పోల్చుటకు మడి లేని క్షేత్రము తూకపు రాయి లేని త్రాసు వంటిది.

ఈ సంగతిని మొట్టమొదట గ్రహించినవారిలో ఇంగ్లాండు దేశపు రోథమ్‌స్టెడ్ క్షేత్రమువారు ముఖ్యులు. అచ్చట బ్రాడ్‌బాక్ అను పొలములో 1843వ సంవత్సరమున గోధుమ విత్తి పరీక్ష ప్రారంభించిరి. అందులో ఒక పట్టీకి నాటినుండి నేటివఱకు ఏ ఎరువును వేయలేదు. నూటయెనుబది యేండ్లకు పైగా ఒక భూమిని ఆకలితో నుంచుట వెఱ్ఱిగా తోచవచ్చును. కాని ప్రక్క పట్టీలలో పెంట యెంత మేలు చేసినది, ఉప్పెరువులెంత మేలు చేసినవి అని చెప్పగలుగుచున్నది ఆ యాకలి పట్టీయే.

ఇప్పుడు లెక్క విషయము. పటాన్‌చెరు మడులలో 20 క్వింటాళ్లును, నాలుగున్నర క్వింటాళ్లును విన్న రైతు, ఈ భేదమంతయు బోదెలవలననే కలిగినదని తలచరాదు. ఒక ప్రక్క రెండు పంటలు, మఱియొక ప్రక్క ఒకటి. ఒక ప్రక్క ఉప్పెరువు, మఱియొక ప్రక్క పెంట మాత్రమే. విత్తనమును వేఱు. బోదె, ఎరువు, విత్తనము ఒక్కొక్కదానిని విడివిడిగా పెట్టి చూచిన పరీక్షలును ఆ సంస్థవారు జరిపిరి. అన్నియు కలిసినపుడు వచ్చిన లాభము, విడివిడిగా వచ్చిన లాభములను కూడిన దానికన్న ఎక్కువగా నుండెను. దీనిని రైతు రెండు వైపుల నుండి ఆలోచించుకొనవలెను. సగము పద్ధతి పెట్టినవానికి సగము లాభమైనను వచ్చునను నిశ్చయము లేదు. పూర్తిగా పెట్టుటకు చేతిలో రొక్కము కావలెను. అదిగాక జొన్నను కందిని కలిపి తూచిన తూకములో వెల కనబడదు. క్వింటాలు కందికిని క్వింటాలు జొన్నకును బజారులో ఒక్క ధర లేదు. కావున "జొన్న యెంత, కంది యెంత, చొప్ప యెంత, ఖర్చు యెంత" అని వేఱువేఱుగా అడిగి వ్రాసికొనవలెను. చొప్ప లెక్క అడుగుట మఱవరాదు. ఎడ్లున్న యింటికి అదియే సగము పంట.

పాత పద్ధతిని తక్కువ చేసి మాటాడుటయు న్యాయము గాదు. పునాసలో రేగడిని ఖాళీగా నుంచిన పెద్దలు తెలివితక్కువవారు గారు. రేగడి తడిసినచో కాలు దిగబడును, నాగలి నడువదు, కలుపు తీయుటకు మనిషి లోపలికి పోజాలడు. నీరు నిలిచి పైరు పచ్చబడి పోవును. ఎండినచో నెఱ్ఱెలు విచ్చి ఇనుమువలె నగును. దున్నుటకు అనువైన దినములు కొలదియే. అందువలన వానకాలపు పంటను వాన పాలు చేయుటకన్న, పదనును మన్నులో దాచి మాగి పంట తీసికొనుట మేలని వారు నిర్ణయించిరి. పటాన్‌చెరువారు చేసినదెల్ల ఆ చిక్కులకు ఒక్కొక్కదానికి విరుగుడు వెదకుటయే. నీరు నిలువకుండ కాలువ, కాలు దిగబడకుండ బోదె, తడి మన్నులో విత్తు కష్టము తప్పించుటకు పొడి దుక్కిలో విత్తు.

అయినను పొడి దుక్కిలో విత్తుట అంతటను చెల్లదు. ఏడాదికి కురియు మొత్తము వానలో హైదరాబాదునకును షోలాపురమునకును పెద్ద భేదము లేదు. కాని తొలకరి వానలు హైదరాబాదు ప్రాంతమున ఉన్నంత నమ్మకముగా షోలాపురమున నుండవు. ఒక జల్లు పడి మొలక వచ్చి, తరువాత మూడు వారములు మబ్బు ముఖము చూపకున్నచో విత్తనము మన్నుపాలు. కావున సంవత్సరమునకు ఇన్ని అంగుళములు కురిసినదని విని తృప్తిపడక, మృగశిర ఆర్ద్ర కార్తెలలో తన యూరిలో పది యేండ్లలో ఎన్ని యేండ్లు నమ్మకముగా కురిసినదో రైతు జ్ఞప్తికి తెచ్చుకొని, అప్పుడు ఆ మడిని చూడవలెను.

మన్ను విషయమును ఇట్టిదే. నల్లరేగడిలో మేలు చేసిన బోదె పద్ధతిని ఎఱ్ఱచల్కలో పెట్టి చూచినపుడు అచ్చట అంత మేలు కనబడలేదు. పై మన్ను బిగిసి నీరు లోపలికి దిగక, కాలువల వెంట మఱింత వేగముగా పోయినది. చల్కకు వాలునకు అడ్డముగా దున్నుటయు, గట్లును, పైన చెత్త కప్పుటయు తగిన పద్ధతులు. ఎఱ్ఱనేలల పనిని ముఖ్యముగా చూడదలచినవారికి నగరమునకు తూర్పున హయత్‌నగరులో కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థవారి క్షేత్రము కలదు. రేగడి మడిని చూచి వచ్చి చల్కలో బోదెలు తీసిన రైతు, క్షేత్రమువారిని నిందించుటకు హక్కు లేదు. ఒక గుడ్డలో తన పొలపు మన్ను పిడికెడు మూటగట్టుకొని పోయి, "ఈ మన్నునకు ఇది చెల్లునా?" అని అడిగినచో ఆ నష్టము తప్పియుండును.

క్షేత్రములో కుదిరినది గ్రామములో కుదురునా అను ప్రశ్న మిక్కిలి కష్టమైనది. ఈ పద్ధతిని 1981లో అప్పటి మెదకు జిల్లాలోని తాడ్దాన్‌పల్లి గ్రామమున రైతుల సొంత భూములలో పెట్టి చూచిరి. క్షేత్రోద్యోగులు వెంట నుండి నడపినంతకాలము పంట బాగుగనే వచ్చినది. వారు తొలగిన పిమ్మట రైతులు పద్ధతిని మొత్తముగా నిలుపుకొనలేదు. తమకు నచ్చిన కొన్ని యంశములను మాత్రము ఉంచుకొని, తక్కిన వానిని విడిచిరి.

దీనికి గల కారణములలో పనిముట్టు ఒకటి. బోదెలు తీర్చుటకు ట్రోపికల్టరు అను రెండు చక్రముల చట్రమును వాడిరి. దానికి నాగలి, గొర్రు, గుంటక, బండి తొట్టి యేది కావలసిన నది తగిలింపవచ్చును. ఒక జత ఎడ్లు లాగును. పనితనమునకు వంకబెట్టుటకు లేదు. కాని రైతింట నున్న నాగలి, గొర్రు, గుంటక మూడును కలిసినను దాని వెలలో చిన్న భాగమునకు సరిపోవు. ఏడాదిలో కొలది దినములు మాత్రమే పనికివచ్చు దానికై అంత సొమ్ము ఎవరు పెట్టుదురు? పాల్ స్టార్కీ అను నతడు పలు దేశములలోని ఇట్టి చక్రపు పనిముట్ల కథను విచారించి 1988లో ఒక గ్రంథము ప్రకటించెను. చక్కగా తీర్చిదిద్దబడినను రైతులచే త్రోసివేయబడినవి అను అర్థము వచ్చునట్లు దానికి పేరు పెట్టెను. పనిముట్టులో లోపము లేకున్నను, దానిని కొనువాని సంచిలో లోపముండవచ్చునని క్షేత్రములవారు తెలిసికొనుటకు చాల యేండ్లు పట్టెను. ఇటీవల మహారాష్ట్రములో, పూర్వము హైదరాబాదు సంస్థానము లోనిదగు మరాట్వాడా ప్రాంతముతో గూడ, ట్రాక్టరునకు తగిలించు బోదె విత్తనపు యంత్రముతో సోయాచిక్కుడు విత్తుచున్నారు. ఎడ్ల కాలమున భారమైన పద్ధతి, బాడుగకు ట్రాక్టరు దొరకు కాలమున తేలికయైనది. కావున ఒకప్పుడు విడిచిపెట్టిన దానిని మఱల చూచుటలో తప్పులేదు.

నష్టము ఎవరిది అను ప్రశ్న కూడ ఇచ్చట వచ్చును. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున టెరెల్ అను ఊరిలో 1903వ సంవత్సరమున సీమన్ నాప్ అను వృద్ధుడు, సర్కారు క్షేత్రములో గాక వాల్టర్ పోర్టరు అను రైతు భూమిలోనే కొత్త పద్ధతిని చూపదలచెను. పంట చెడినచో రైతునకు నష్టము చెల్లించుటకై ఊరి వర్తకులు ముందుగనే చందా వేసి సొమ్ము సిద్ధపఱచిరి. పని చేసినది రైతే, లెక్క వ్రాసినదియు రైతే. ఆ యేట లాభమే వచ్చినందున ఆ సొమ్ము తీయనక్కఱలేకపోయినది. ప్రదర్శన క్షేత్రమును చూచు రైతు "ఇది పండకున్నచో ఎవరికి నష్టము?" అని అడిగినచో, తనకును ఆ క్షేత్రమునకును గల దూరము వెంటనే తెలియును. జీతము వచ్చువాడు విత్తిన మడి యొకటి, శిస్తును వడ్డీయు కట్టువాడు విత్తిన మడి యొకటి.

తాడ్దాన్‌పల్లి తరువాత పద్ధతిని మార్చి చేసిన ప్రయత్నము రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలములోని కొత్తపల్లి గ్రామమున కనబడును. అచ్చట సుమారు 1,150 ఎకరముల నీటిపరీవాహక ప్రాంతమున 1999లో పని మొదలైనది. ఇక్రిశాట్ సంస్థయు, జిల్లా యధికారులును, మఱికొన్ని సంస్థలును కలిసి పనిచేసిరి. వాగుల మీద 14 కట్టలు, చిన్న యింకుడు కుంటలు 60, గండ్లు పడిన చోట్ల 97 రాతి అడ్డుకట్టలు ఏర్పడినవి. ఇట్టి కట్టలు ఎన్నియో గ్రామములలో కలవు, వింతగాదు. ఇచ్చటి విశేషము వేఱు. వాగు మీది పని ఊరందఱిది గనుక ప్రభుత్వ ధనముతో జరిగినది. రైతు సొంత మడిలో పెట్టు కొత్త విత్తనమునకు, ఎరువునకు రాయితీ యివ్వలేదు. వెల తానే భరించి, తానే పరీక్షించుకొనవలెను. ఏమి పెట్టవలెనో కూడ రైతే యెంచుకొనెను. అందఱి మన్నును పరీక్షించి జింకు, బోరాను, గంధకము కొఱతగా నున్నవని చెప్పిరి. వానిని కొద్దిగా వేసిన చోట్ల పైరు తేరుకొన్నది. స్త్రీలు వానపాముల ఎరువు తయారుచేసిరి. గట్లమీద గిరిపుష్పము నాటి, దాని ఆకును భూమిలో కలిపిరి. 1998లో ఎకరమునకు 6 క్వింటాళ్లు పండిన మక్కజొన్న, తరువాతి రెండు మూడేండ్లలో 13 క్వింటాళ్లు దాటినది. ఊరి బావులు 62 కొలిచి చూడగా, కట్టలకు దగ్గఱగా నున్న బావులలో నీరు మిక్కిలిగా నిలిచినది.

ఈ గ్రామమును చూడబోయినవారు బావులను చూచి సంతోషించుట సహజము. కాని దగ్గఱ బావికిని దూరపు బావికిని గల భేదమును అడుగవలెను. కట్ట యెవరి భూమికి ఎగువ, ఎవరి భూమికి దిగువ? కట్ట కట్టు స్థలమును ఎంచునపుడు గ్రామ సభలో ఎవరి మాట చెల్లినది? తన యూరిలో ఇట్టి పని జరుగునపుడు తగవు పుట్టునది ఇచ్చటనే గనుక, పొరుగూరివారు ఎట్లు తీర్చుకొనిరో తెలిసికొనుట కంకి పొడుగు తెలిసికొనుటకన్న ముఖ్యము.

ఇంకొక సంగతియు కలదు. కొత్తపల్లి నీరు మూసీనది పరీవాహకములోనిది, ఉస్మాన్‌సాగరునకు చేరునది. 1908లో మూసీ పొంగి నగరమును ముంచిన పిమ్మట, ఆ నదికి ఎగువన కట్టిన సాగరము 1920లో పూర్తియైనది. ఎగువ గ్రామములన్నియు తమ నీటిని తామే నిలుపుకొనినచో సాగరమునకు వచ్చు నీరు కొంత తగ్గునని పండితులు లెక్కించి చూపిరి. ఎగువ రైతు చేసినది తప్పని దీని యర్థము గాదు. అతని మన్ను నిలిచినచో సాగరములో పూడిక తగ్గును, అదియు ఒక మేలే. కాని నీరు ఎచ్చట ఆగినదో చూపినవారిని, ఎచ్చట తగ్గినదో కూడ చెప్పుమని అడుగుట సందర్శకునకు హక్కు.

సందర్శనమునకు ఏ దినమున పోవలెను? పిలుపు సాధారణముగా కోతలకు ముందు వచ్చును. అప్పుడు పైరు అందముగా నుండును గాని నేల కనబడదు. వీలైనచో ఆషాఢ శ్రావణములలో గట్టి వాన కురిసిన మఱునాడు ఒకసారి పోవలెను. నీరు ఏ మడిలో నిలిచినది, కాలువలో ఏ రంగున పాఱుచున్నది, బోదె యెచ్చట తెగినది అను సంగతులు ఆ దినమున పలకమీద చదువనక్కఱలేకయే తెలియును. కాలువలో తేట నీరు పాఱుచున్నచో మంచిది. ఎఱ్ఱగా గాని నల్లగా గాని చిక్కగా పాఱుచున్నచో, పలకమీద ఏమి వ్రాసియున్నను సరే, మన్ను పోవుచున్నదే.

ఉద్యోగి చెప్పినది విన్న తరువాత, మడిలో పనిచేయు కూలివానితోను రెండు మాటలాడవలెను. "ఎకరమునకు కలుపు తీయ నెందఱు పట్టిరి? ఎన్ని మారులు తీసిరి?" అని అడిగినచో అతడు వెదకుకొనక చెప్పును. పంట లెక్కలలో చేరక మిగిలిపోవు ఖర్చు తఱచుగా ఇదియే. పునాసలో పంట పెట్టినచో కలుపు పని పెరుగును. ఆ పని మన యిండ్లలో స్త్రీలది. కావున ఇట్టి సందర్శనములకు పట్టాదారు ఒక్కడే పోయి వచ్చి ఇంటివారికి ఆజ్ఞ యిచ్చుట సరిగాదు. కలుపు తీయువారిని, విత్తనము దాచువారిని కూడ వెంట తీసికొని పోవలెను. వారడుగు ప్రశ్నలు పట్టాదారునకు తట్టవు.

వెంట తీసికొని పోవలసినవి కొలదియే. సర్వే నంబరు వ్రాసిన మన్ను మూట. ఒక కొలత త్రాడు, ఏలయనగా హెక్టారు లెక్కలు విని వచ్చి ఎకరములలో పొరపడినవారు పెక్కురు. హెక్టారు సుమారు రెండున్నర ఎకరము. ఒక చిన్న పుస్తకము. అందులో మంచి మడి సంగతి ఒక పుటను, పాత మడి సంగతి ఎదుటి పుటను వ్రాసికొనవలెను.

ఇంటికి వచ్చిన తరువాత పొలమంతయు మార్చనక్కఱలేదు. నచ్చిన దానిని ఒక సర్వే నంబరులో 10 గుంటలకు మించకుండ పెట్టవలెను. దాని ప్రక్కనే, ఒకే మన్ను, ఒకే వాలు గల 10 గుంటలను తన పాత పద్ధతిలోనే యుంచవలెను. క్షేత్రములో మొదట చూడవలసిన చెడ్డ మడి ఏది యుండెనో, ఇంట ఆ స్థానమున నుండునది ఇదియే. దానికి పెంట ఎక్కువ వేయుట గాని, అలక్ష్యముగా విడుచుట గాని చేయరాదు. రెండింటి ధాన్యమును వేఱు కల్లములలో నూర్చి, వేఱుగా తూచి, కూలి, ఎరువు, బాడుగ ఖర్చులతో గూడ ఆ పుస్తకముననే ఎదురెదురు పుటలలో వ్రాయవలెను. మూడు పంటలకాలములు గడచువఱకు, మంచి యేడు చెడ్డ యేడు రెండును చూచువఱకు, ఆ గుంటలను మార్చరాదు. మరుసటి యేట క్షేత్రమువారి పిలుపు వచ్చినపుడు ఆ పుస్తకమును తీసికొనిపోయి, తన రెండు పుటలను వారి పలక ప్రక్కన పెట్టి అడుగవచ్చును.